ఇల్లులేని సంఖ్యలు

నమోదు 496

నీటి ఒత్తిడి సరిగానే ఉంది. వాల్వు దగ్గర మంచు రెండు వేళ్ళ మందం పేరుకుంది, గీకేశాను. పుట్టగొడుగుల పళ్ళెంలో మూడో వరుస కుళ్ళింది. వంట పుట్టగొడుగుల పులుసు. నిన్నటిదే.

కాపు దినచర్యలో ఇవి తప్ప ఇంకేమీ రాయకూడదని పట్నం కార్యాలయం వారి ఆజ్ఞ. ఏళ్ళ తరబడి రాసి పంపుతున్నాను, ఎవరైనా చదివిన దాఖలా లేదు. పోయిన పుస్తకంలో ఒకరోజు "ఇవాళ పంపులో ఏనుగు పడింది, తీసేశాను" అని రాశాను. "అందినది" అని ముద్ర కొట్టి రసీదు పంపారు. కాబట్టి ఇకమీదట నాకు తోచింది రాస్తాను.

496 పరిపూర్ణ సంఖ్య. తనను భాగించే చిన్న సంఖ్యలన్నిటినీ, అంటే ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది, పదహారు, ముప్పై ఒకటి, అరవై రెండు, నూట ఇరవై నాలుగు, రెండువందల నలభై ఎనిమిది, అన్నిటినీ కూడితే మళ్ళీ తానే వస్తుంది. ఇంటినిండా జనం, అందరూ కలిస్తే సరిగ్గా ఇంటి పెద్ద. ఇంత పొందిక మనుషుల్లో నేను చూడలేదు. చూసేందుకు ఇక్కడ మనుషులూ లేరనుకోండి.

నా పేరు వర్ధనమ్మ. మంచు పొర కింద, పదకొండో గొట్టం చివర, నీళ్ళు తోడే పంపుకి కాపు. ఇక్కడి నుంచి పట్నానికి నీళ్ళు పోతాయి. పట్నం నుంచి నాకు గాలి, నూనె, రసీదులు వస్తాయి.

నమోదు 504

ఈ సంఖ్యకి చుట్టాలే చుట్టాలు. రెండు, మూడు, ఏడు. ముగ్గురిళ్ళలోనూ విస్తరి వేస్తారు.

పట్నంలో గాలి నిలిపే గోడ పగిలిన సంవత్సరం ఎవరి వంశం వాళ్ళు తలుపులు బిగించుకుని, ఉన్న గాలి తమవాళ్ళకే దాచుకున్నారు. బతికి బయటపడ్డవాళ్ళు సిగ్గుపడి, ఇక ఇంటిపేర్లు వద్దు, వంశాలు వద్దు అని తీర్మానించారు. పదమూడేళ్ళు నిండగానే ప్రతివాళ్ళూ చీటీ తీయాలి. చీటీలో ఎనిమిది అంకెల సంఖ్య ఉంటుంది. ఆ సంఖ్యని ఏ ప్రధాన సంఖ్య భాగిస్తే అదే మన ఇల్లు. ఏడు భాగిస్తే ఏడు వారి పంక్తిలో భోజనం, ఏడు వారింట్లో గాలి, ఏడు వారింట్లో చావు. సంఖ్యలకి పక్షపాతం ఉండదన్నారు. నిజమే, సంఖ్యలకి లేదు. పట్నంలో సగం మంది సరిసంఖ్యలు కాబట్టి సభంతా రెండు వారిదే అయి కూర్చుంది, అంతే.

ఇక ఒకటితో, తమతో తప్ప ఇంకే సంఖ్యతోనూ భాగం పోనివాళ్ళు ఉంటారు. ప్రధాన సంఖ్య తీసినవాళ్ళు. వాళ్ళకి ఇల్లుండదు. వాళ్ళని ఒంటివాళ్ళంటారు. పంపుల దగ్గర, గుంతల దగ్గర, దీపస్తంభాల దగ్గర కాపు పెడతారు. పెద్దవాళ్ళకి కూడా అప్పుడే చీటీలు తీయించారు. బళ్ళో లెక్కలు చెప్పుకుంటున్న నాకు తగిలింది ప్రధాన సంఖ్య.

మా అమ్మాయి పోయింది. దాని పిల్లలిద్దరూ పట్నంలోనే ఉన్నారు. పిల్లాడు మూడు వారింట్లో, పిల్ల ఏడు వారింట్లో. వాళ్ళ సంఖ్యలకీ నా సంఖ్యకీ గరిష్ఠ సామాన్య భాజకం ఒకటి. అంటే మేము ఒకరికొకరు ఏమీ కాము. పిల్లాడు మొన్నటి దాకా సరుకుల బండిలో బెల్లం ముక్క పంపేవాడు. పెళ్ళయ్యాక భార్య అడిగి ఉంటుంది, ఆవిడ నీకేమవుతుందని. లెక్క ప్రకారం వాడి దగ్గర జవాబు లేదు.

నమోదు 523

మంచుబండి వచ్చింది. నూనె డబ్బాలు, రసీదుల కట్ట, ఒక పిల్ల.

పిల్ల గుమ్మంలో నిలబడి, "నన్ను ఇక్కడ కాపు వేశారండి," అంది.

"ఇక్కడ కాపు ఉంది. నేనే," అన్నాను.

"మీకు పెద్దతనం వచ్చిందట. నేర్చుకోమని పంపారు."

"పెద్దతనం నాకు రాలేదు. రసీదులు రాసేవాళ్ళకి చిన్నతనం వదల్లేదు. నీ పేరేమిటి?"

"తారిణి."

"వంట వచ్చునా తారిణీ?"

"రాదండి."

"అయితే ఇద్దరికీ సరిపోతుంది. నాకూ రాదు. లోపలికి రా, వెచ్చదనం పోతోంది."

పందొమ్మిదేళ్ళుంటాయి. చేతి సంచీ ఒకటే తెచ్చుకుంది. ఇళ్ళున్నవాళ్ళ చొక్కా చేతి మీద వాళ్ళ ఇంటి అంకె ఎర్రదారంతో కుట్టి ఉంటుంది. దీని చెయ్యి బోడిగా ఉంది. మాట్లాడేటప్పుడు ఆ చోటునే రెండో చేత్తో కప్పుకుంటుంది.

నియమం ఇది. మళ్ళీ బండి వచ్చేదాకా నేర్చుకోవడం. అప్పుడు దాని మెడలో ఇత్తడి ముద్ర వేస్తారు. ముద్ర పడ్డ కాపుని ఇక కదిపేది లేదు, విప్పేది లేదు. పాత కాపు కావాలంటే అక్కడే ఉండిపోవచ్చు. నేను పోవడానికి చోటు లేదు కనుక ఉంటాను. అంటే ఈ పిల్ల వచ్చీరాని వంట తింటూ చస్తానన్నమాట.

నమోదు 536

వాల్వు గీకడం నేర్చుకుంది. గేజీ చదవడం నేర్చుకుంది. నోరు మూసుకోవడం నేర్చుకోలేదు.

పంపుతో మాట్లాడుతుంది. "ఏం, ఇవాళ గురక తక్కువగా ఉందే?" అంటుంది దాన్ని పట్టుకుని. నేను ఇరవై రెండేళ్ళు దానితో కాపురం చేశాను, ఒక్కసారి పలకరించలేదు. ఇప్పుడు అది నా వైపు చూసే పద్ధతి మారినట్టుంది.

మొదటి రెండు రోజులు "మేడమ్" అంది. తర్వాత "అమ్మమ్మగారూ" అంది. నిన్నటి నుంచి "అమ్మమ్మా". ఎవరు దించమన్నారని అడిగాను. "చలికి గారు పలకట్లేదండి," అంది.

ఒంటిపిల్లల బడిలో ఆరేళ్ళు పెరిగిందట. అక్కడి భోజనాల గురించి చెప్పింది. పట్నం భోజనశాలలో ముందు రెండు వారు కూర్చుంటారు, తర్వాత మూడు వారు, ఐదు వారు, అలా పెరుగుతూ పోతాయి పంక్తులు. చివర ఒంటిపిల్లలు, నిలబడి.

"నిలబడి తినడం కష్టం కాదమ్మమ్మా. పంక్తిలో ఒకళ్ళు ఉప్పు అడుగుతారు, ఇంకొకళ్ళు అందిస్తారు. మేము ఎవరి ఉప్పు వాళ్ళమే వేసుకోవాలి. అదీ బాధ."

ఇవాళ నేనే ఉప్పు అడిగాను. కూరలో ఉప్పు ఎక్కువై ఉంది. అయినా అడిగాను.

నమోదు 549

అది వచ్చాక నిద్ర చెడింది. దుప్పటి లాగుతుంది. నా చెక్కపెట్టె మీద తడి చేతిగుడ్డ ఆరేస్తుంది. మంచు గీకే పార ఎక్కడ పెట్టిందో చెప్పదు.

ఇదంతా నాకు నచ్చడం లేదని ఇక్కడ రాద్దామని కూర్చున్నాను. కలం కదలడం లేదు.

నమోదు 561

పొద్దున పుస్తకం తెరిచి అంకె వేశాను. అలవాటుగా ముక్కలు చేశాను. మూడు, పదకొండు, పదిహేడు. కలం అక్కడే ఆగిపోయింది.

చదువుకునే రోజుల్లో పరీక్షలో ఈ సంఖ్యే ఇచ్చి మమ్మల్నందరినీ బోల్తా కొట్టించారు. ప్రధాన సంఖ్యకి ఒక గుణం ఉంది. ఏదో ఒక అంకె తీసుకుని, దాన్ని ఆ ప్రధాన సంఖ్య ఎంతో అన్నిసార్లు వేసి గుణించి, ఆ సంఖ్యతోనే భాగిస్తే, పెట్టింది పెట్టినట్టు తిరిగొస్తుంది. రెండు పెడితే రెండే శేషం. మూడు పెడితే మూడు. ఐదు పెడితే ఐదు. భాగం పోయే సంఖ్యలు దాదాపు అన్నీ ఇక్కడ దొరికిపోతాయి. దాదాపు. 561 దొరకదు. మూడు ముక్కలై కూడా, ఏం పెట్టినా పెట్టినట్టే తిరిగిచ్చి, ప్రధానంలా ముఖం పెట్టుకుని కూర్చుంటుంది. ఇలాంటి వేషగాళ్ళలో అన్నిటికన్నా చిన్నది ఇది. పైన ఇంకా ఉన్నాయి. చాలా అరుదు, కానీ ఉన్నాయి.

పట్నంలో చీటీలు పరీక్షించేది నీటితో తిరిగే యంత్రం. కరెంటు గాలి నింపే మరలకే చాలదు కదా. రెండు వందల లోపు ప్రధాన సంఖ్యలకి ఒక్కో చక్రం చొప్పున నలభై ఆరు చక్రాలు పోతపోశారు. ఆఖరిది నూట తొంభై తొమ్మిది. అక్కడికి ఇత్తడి అయిపోయింది. ఆ చక్రాలకి లొంగని సంఖ్యని ఇందాక చెప్పిన పరీక్షకి పెడతారు. రెండు, మూడు, ఐదు పెట్టి చూస్తారు. మూడూ తిరిగొస్తే ఒంటి అని ముద్ర.

561 అయితే మూడు అంకె చక్రమే పట్టేసేది. మరి ముక్కలన్నీ రెండు వందలకి పైనున్న వేషగాడు వస్తే? చక్రాలకి దొరకడు, పరీక్షకీ దొరకడు.

ఒంటివాళ్ళని సంఖ్య అడగకూడదు. అది పరమ మోటు. అయినా అడిగాను.

"అమ్మమ్మా! అలా అడుగుతారా ఎవరైనా?"

"నేను అడుగుతాను. చెప్పు."

"ముందు మీది చెప్పండి."

"తొమ్మిది కోట్ల తొంభై తొమ్మిది లక్షల తొంభై తొమ్మిది వేల తొమ్మిది వందల ఎనభై తొమ్మిది."

"అమ్మో. చెప్పేసరికి ఆకలేస్తుంది కదా," అని నవ్వి, తనది చెప్పింది. "ఐదు కోట్ల అరవై లక్షల యాభై రెండు వేల మూడు వందల అరవై ఒకటి."

పలక తీసుకున్నాను. యంత్రం ఎక్కడ వదిలేసిందో అక్కడ పట్టుకున్నాను. నూట తొంభై తొమ్మిది తర్వాతి ప్రధాన సంఖ్య రెండు వందల పదకొండు.

పోయింది. శేషం సున్నా. మిగిలింది రెండు లక్షల అరవై ఐదు వేల ఆరువందల యాభై ఒకటి. దాన్ని పట్టుకుని మధ్యాహ్నం దాకా కూర్చుంటే నాలుగు వందల ఇరవై ఒకటి దగ్గర అదీ విరిగింది. చివర మిగిలింది ఆరు వందల ముప్పై ఒకటి. మూడిళ్ళు! ఇంకొక్క ఇత్తడి చక్రం ఉండి ఉంటే ఈ పిల్ల ఆరేళ్ళు నిలబడి తినేది కాదు.

"ఏమొచ్చింది అమ్మమ్మా?" అని అడిగింది గుమ్మం దగ్గరి నుంచి.

"ఏమొస్తుంది? వాల్వు గీకావా?" అన్నాను, పలక బోర్లించి.

నమోదు 562

రాయకపోతే నన్ను నేను బుకాయించుకుంటాను. కాబట్టి రాస్తున్నాను.

చెప్తే అది వెళ్ళిపోతుంది. చెప్పకపోతే బండి వస్తుంది, ముద్ర పడుతుంది, నేను బతికినన్నాళ్ళూ ఉప్పు అందించేవాళ్ళుంటారు. ఇంకో ఒంటిపిల్ల పెరిగి ఇక్కడికి వచ్చేసరికి ఎన్నేళ్ళో. ఈ విషయం నాకు తప్ప ఎవరికీ తెలియదు. తెలిసే వీలూ లేదు.

నాకొక సాకు దొరికింది, మంచి సాకే. నా సంఖ్యనీ ఆ యంత్రమే ఒంటి అంది. నాకూ రెండు వందల పైన ఏదో ఒక ఇల్లు తగిలితే, ఇద్దరం కలిసే బండెక్కుతాం. అది చూసుకున్నాక చెప్తాను. అందాకా చెప్పడం తొందరపాటు అవుతుంది.

నా సంఖ్యకి వర్గమూలం పదివేలకి రవంత తక్కువ. అంటే రెండు వందల పదకొండు నుంచి తొమ్మిది వేల తొమ్మిది వందల డెబ్భై మూడు దాకా ఉన్న ప్రధాన సంఖ్యలన్నిటితోనూ భాగించాలి. వెయ్యి పైచిలుకు భాగహారాలు.

రెండు వందల పదకొండుతో శేషం నూట ఇరవై ఆరు. అంత సులువుగా ఎక్కడ దొరుకుతుంది!

నమోదు 565

పిల్ల పసిగట్టింది.

"మీ సంఖ్యకేనా ఈ లెక్కలు?"

"ఊఁ."

"మీకు ఇల్లు దొరుకుతుందేమోనని చూస్తున్నారా?"

"దొరకదు. ఊరికే, పొద్దు పోవడానికి."

"ఇంకో పలక ఎక్కడుంది?" అంది.

వద్దన్నా వినలేదు. ప్రధాన సంఖ్యల వరుసలో ఒకటి విడిచి ఒకటి పంచుకున్నాం. నాలుక బయటపెట్టి భాగిస్తుంది. ఒంటిపిల్లల బడిలో భాగహారం బాగా నేర్పుతారు, ఎందుకో. ఒక్క తప్పు చేస్తే చెంపదెబ్బ అట. ఒక్క తప్పూ చేయడం లేదు.

నమోదు 568

ఇవాళ అయిదు వేలు దాటాం. శేషాలే శేషాలు. బలపం పొడి ఎగిరి పుట్టగొడుగుల మీద పడింది. పులుసు తెల్లగా వచ్చింది. అలాగే తిన్నాం.

తినేటప్పుడు పిల్ల చాలాసేపు ఊరుకుంది. అది ఊరుకుంటే నాకు భయం.

"అమ్మమ్మా, మీకు ఇల్లు దొరికిందనుకోండి. మీరు వెళ్ళిపోతారు కదా."

"పోతానేమో."

"అప్పుడు నేనొక్కదాన్నే ఉండాలి ఇక్కడ."

నేను ఇంకో గరిటె పులుసు వేసుకున్నాను.

"అయినా దొరకాలి," అంది. కంచం కడిగి బోర్లించి, పలక తీసుకుని వెళ్ళి కూర్చుంది.

నమోదు 571

ఆఖరి భాగహారం పిల్లే చేసింది. తొమ్మిది వేల తొమ్మిది వందల డెబ్భై మూడు. శేషం ఏడు వందల పద్దెనిమిది.

మళ్ళీ చేసింది. ఏడు వందల పద్దెనిమిదే.

"పోవట్లేదమ్మమ్మా," అంది. పలక ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది. నేనేడవలేదు. యంత్రం నా విషయంలో నిజమే చెప్పింది. నేను అచ్చమైన ఒంటిని, పదికోట్ల లోపు ఉన్న ప్రధాన సంఖ్యల్లో అందరికన్నా పెద్దదాన్ని. ఏదో ఒక హోదా ఉందిగా.

మంచం కింద బోర్లించి దాచిన పలక తీసి దాని ముందు పెట్టాను. 211, 421, 631.

"ఇదేమిటి?"

"గుణించు."

గుణించింది. ముందు మామూలుగా, తర్వాత నెమ్మదిగా. తన సంఖ్య తన కళ్ళ ముందు వచ్చాక, వేలితో ఒక్కో అంకె మీద తడుముకుంది.

"ఎప్పుడు తెలిసింది?"

"నిన్ను సంఖ్య అడిగిన రోజునే."

"నేను మీకోసం లెక్కలు చేస్తున్నన్ని రోజులూ మీకు తెలుసు."

"తెలుసు."

"బండి వచ్చి ముద్ర పడిపోయి ఉంటే?"

"పడిపోయి ఉండేది."

లేచి పంపు గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. పంపుతో ఏదో చెప్పుకుంటోంది. పంపు నా పక్షాన ఉంటుందనుకోను.

నమోదు 572

పొద్దున నాకు గంజి ఇచ్చింది. మాట్లాడలేదు. మాట్లాడకుండానే ఉప్పు గిన్నె నా వైపు జరిపింది. కొట్టి ఉంటే ఇంతకన్నా తేలిగ్గా ఉండేది.

ఒత్తిడి చెప్పే ఫోను లైను కలిపి పట్నం కార్యాలయాన్ని పిలిచాను. పలికినవాడు పురంధర్. నా రసీదుల మీద ముద్ర కొట్టే మహానుభావుడు.

"ఒత్తిడి చెప్పండమ్మగారూ, లైను ఖాళీ చెయ్యాలి. ఒత్తిడి తప్ప వేరే మాట లైనులో కూడదు."

"ఒత్తిడి సరిగానే ఉంది. పురంధర్, పలకుందా దగ్గర? ఇక్కడి పిల్ల తారిణి ఒంటి కాదు. మూడిళ్ళ పిల్ల."

"యంత్రం ఒంటి అని ముద్ర కొట్టిందండి. యంత్రం తప్పు చెప్పదు."

"అది తప్పు చెప్పిందని నేనన్నానా? మీరు అడిగినదానికి సరిగ్గానే చెప్పింది. మీరు అడిగిందే చాలదు. రెండు వందల పదకొండుని నాలుగు వందల ఇరవై ఒకటితో గుణించు."

"నేను గుణకారాలు చేసే ఉద్యోగంలో లేనండి."

"మరే ఉద్యోగంలో ఉన్నావు?"

"ముద్రలు వేసే ఉద్యోగం."

"ఇవాళ్టికి ఈ ఉద్యోగం చెయ్యి. జీతం నేనిస్తాను, పుట్టగొడుగులు."

గొణుక్కుంటూ చేశాడు. ఎనభై ఎనిమిది వేల ఎనిమిది వందల ముప్పై ఒకటి వచ్చిందన్నాడు. దాన్ని ఆరు వందల ముప్పై ఒకటితో గుణించమన్నాను. చాలాసేపు బలపం చప్పుడు. తర్వాత చిట్టాలో పిల్ల సంఖ్య వెతుకుతూ కాగితాలు తిప్పిన చప్పుడు.

"అమ్మగారూ."

"ఊఁ."

"ఎక్కడో పొరపాటు చేసుంటాను. మళ్ళీ చేస్తాను."

"చెయ్యి. లైను నీదేగా."

మళ్ళీ చేశాడు. "ఇదే వస్తోందండి," అన్నాడు, ఏదో తన తప్పే అన్నట్టు. "ఇప్పుడేం చెయ్యాలి? దీనికి నా దగ్గర ముద్ర లేదండి."

"ముందు ఆ మూడిళ్ళవాళ్ళకి చెప్పు. ముద్ర తర్వాత పోత పోయించుకుందువు గాని."

తిరిగి చూస్తే పిల్ల గుమ్మంలో నిలబడి వింటోంది. చెయ్యి మాత్రం ఆ బోడి చోటునే ఉంది.

నమోదు 575

పురంధరే పిలిచాడు. వాడు పిలవడం ఇదే మొదలు.

రెండువందల పదకొండు వారు ఒప్పుకోలేదట. ఇప్పటికే గాలి చాలడం లేదు, ఎదిగిన పిల్లని కొత్తగా పంక్తిలో ఎక్కడ కూర్చోబెడతామన్నారట. నాలుగువందల ఇరవై ఒకటి వారు సభ తేల్చాక చూద్దామన్నారట.

"ఆఖరివాళ్ళు?"

"ఆరువందల ముప్పై ఒకటి వారు మొత్తం పందొమ్మిది మందేనండి. అందులో కర్ర లేకుండా నడిచేవాళ్ళు ఐదుగురు. ఇరవయ్యో మనిషి వస్తోందా అని నన్ను నాలుగుసార్లు అడిగారు. పెద్దావిడ స్వయంగా బండిలో వస్తానంటోంది."

పిల్ల పక్కనే ఉంది. "వాళ్ళింట్లో కూరలో ఉప్పు ఎంత వేస్తారో అడగండి," అంది నాతో. పది మాటల్లో చెప్పాల్సిన సంతోషాన్ని అలా చెప్పింది. మళ్ళీ నాతో మాట్లాడిందన్నమాట.

నమోదు 577

బండి వచ్చింది. పెద్దావిడ నాకన్నా ముసలిది. దిగుతూనే పిల్ల చెయ్యి పట్టుకుని సంచీలోంచి సూది, ఎర్రదారం తీసింది.

"ఇంటికెళ్ళాక కుట్టుకోవచ్చుగా," అన్నాను.

"దారిలో నేను పోతే?" అంది పెద్దావిడ. గుమ్మంలోనే నిలబడి కుట్టింది. ఆరు, మూడు, ఒకటి. తొందరగా కుట్టడం వల్ల మూడు కొంచెం వంకర పోయింది. పిల్ల దాన్ని చూసుకున్నంతసేపు నన్ను చూడలేదు. మంచిదే. నాకు ముఖం సర్దుకోవడానికి వ్యవధి దొరికింది.

"మీరూ రండి అమ్మమ్మా. పందొమ్మిది మందే ఉన్నారు, చోటుంటుంది."

పెద్దావిడ నేల చూసింది. ఆవిడ తప్పు లేదు. నాకూ వాళ్ళకీ ఒకటి తప్ప సామాన్య భాజకం లేదు. గాలి లెక్క కట్టేది దాన్ని బట్టే.

"నేనొస్తే నీళ్ళెవరు తోడతారే? మీ ఇంట్లో వాళ్ళందరికీ దాహం వెయ్యదా?"

"లైనులో మాట్లాడతాను."

"ఒత్తిడి తప్ప వేరే మాట కూడదు. వెళ్ళు. మెడ కప్పుకో."

నా కాళ్ళకి దండం పెట్టబోయి, మధ్యలో మనసు మార్చుకుని వాటేసుకుంది. ఎముకలు కలుక్కుమన్నాయి. బహుశా నావే.

నమోదు 578

ఒత్తిడి సరిగానే ఉంది. మంచు గీకాను.

నమోదు 579

ఒత్తిడి సరిగానే ఉంది.

నమోదు 584

పంపుకి గురక ఎక్కువైంది. ఏమిటే అని అడిగాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. జవాబు రాలేదు. దానికి ఆ పిల్ల భాషే అలవాటైపోయింది.

నమోదు 590

పురంధర్ పిలిచాడు. సభలో రెండు రోజులు పోట్లాడుకున్నారట. ఒక్కరి విషయంలో యంత్రం వదిలేస్తే ఇంకెందరి విషయంలో వదిలిందో అని. ఆరు వందల పైచిలుకు ఒంటివాళ్ళందరి సంఖ్యలూ మళ్ళీ చూడాలని తీర్మానం. కొత్త చక్రాలకి ఇత్తడి లేదు. పట్నంలో అందరికీ ఇళ్ళలో పనులున్నాయి.

"కాబట్టి, అమ్మగారూ..."

"కాబట్టి, ఇంట్లో పని లేనిదాన్ని నేను."

"నేనలా అనలేదండి. వచ్చే బండిలో సంఖ్యల జాబితా పంపిస్తాను."

"జాబితా వద్దు. మీవాళ్ళు అంకెలు తారుమారు చేస్తారు. ఎవరి సంఖ్య వాళ్ళే వాళ్ళ నోటితో చెప్పాలి. లైను నాకు కలుపు."

"ఆరు వందల మందినీనా?"

"వరసగా. ఒకరి లెక్క తేలాక ఇంకొకరిని. తేలిన ఫలితం కూడా నేనే చెప్తాను, మీ రసీదులు కాదు."

"కాపులు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం నియమం ఒప్పుకోదండి."

"అయితే మీరే భాగించుకోండి."

లైనులో బరబరమని చప్పుడు. వాడు గడ్డం గోక్కుంటున్నాడనుకుంటాను.

"సంఖ్యకి సంబంధించిన మాటలైతే ఫరవాలేదని రాయించగలనేమో," అన్నాడు. గొంతు తగ్గించి, "ఆ పిల్ల కులాసాగా ఉందండి. భోజనాలప్పుడు అరుపులన్నీ ఆ పంక్తి నుంచే," అన్నాడు.

ఈ ముద్రలవాడిని నేను ఏనుగు సంగతి అడగలేదు. చదివే ఉంటాడని అనుమానంగా ఉంది.

నమోదు 599

మొదటివాడు. ఉత్తరం గుంత కాపు, కొమరయ్య. గొంతు తుప్పు పట్టిన వాల్వులా ఉంది.

"అక్కా, నేను కొమరయ్యను. నా సంఖ్య జెప్పుమన్నరు."

"చెప్పండి."

"ఒక కోటి యాభై నాలుగు లక్షల ఎనభై అయిదు వేల ఎనిమిది వందల అరవై మూడు." ఒక్కో అంకె నేల మీద పెట్టి చూపిస్తున్నట్టు చెప్పాడు. "ఇంకోపాలి జెప్పాల్నా?"

రాసుకున్నాను, సరిపోయింది. అయినా చెప్పమన్నాను. చెప్పాడు. రెండోసారి చెప్పేటప్పుడు గొంతు కొంచెం విచ్చుకుంది.

"ఈ సంఖ్య తీసిన నాడు మా అమ్మ పక్కనే ఉండె," అన్నాడు. సంఖ్యకి సంబంధించిన మాటే కదా. ఆవిడ గురించి కొంతసేపు చెప్పాడు. "గిప్పుడు మీకెన్ని దినాలు వడ్తది?"

"నాలుగైదు రోజులు. ఐదు వందల దాకా భాగహారాలున్నాయి. ఆశ పెట్టుకోకండి. అలాంటి సంఖ్యలు చాలా అరుదు."

"ఆశ ఏమున్నదక్కా," అన్నాడు. ఆ రెండు మాటల్లో ఎంత ఆశ పట్టిందో నాకు వినిపించింది.

నమోదు 604

అయిపోయింది. ఆఖరి భాగహారం మూడు వేల తొమ్మిది వందల ముప్పై ఒకటి. శేషం వెయ్యిన్నూట... కాదు, తొందరలో తప్పు రాయబోయాను. వెయ్యి ఆరు వందల యాభై నాలుగు. ఎక్కడా సున్నా రాలేదు. నేను వెనక్కి వెళ్ళి అనుమానమున్నవన్నీ మళ్ళీ చేశాను. కొమరయ్య కూడా అచ్చమైన ఒంటే.

లైను కలిపారు. ఇలాంటివి చుట్టూ తిప్పి చెప్పడం నాకు చేతకాదు.

"ఏ ఇంటికీ పోలేదు కొమరయ్యగారూ. యంత్రం చెప్పిందే నిజం."

అవతలి చప్పుడు వినపడింది. అక్కడా ఏదో పంపు తిరుగుతోంది. మాది కన్నా నెమ్మదిగా, దమ్ము పట్టి పట్టి.

"ఏదన్న ఒకటి తప్పిపోయి ఉండచ్చునా అక్కా?"

"నేను తప్పులు చెయ్యను."

"అవునవును. మీరు జేయరు. విన్న," అన్నాడు. "గట్లనే గానీ... రేపు ఇంకోపాలి జూస్తరా?"

పలక ఒళ్ళో ఉంది. ఎంత తిప్పి చూసినా దానిలో మారేది ఏమీ లేదు. ఆ సంగతి నాకు తెలుసు. ఆయన గొంతుని బట్టి ఆయనకీ తెలుసు.

"చూస్తాను," అన్నాను. "ఇదే వేళకి లైను కలపమనండి. సంఖ్య మళ్ళీ మొదటి నుంచి చెప్పాల్సి ఉంటుంది. నిదానంగా చెప్పండి, నాకు తొందరేం లేదు."